ఉలిక్కిపడని బిడ్డ

పంకజాక్షి పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద మనవణ్ణి బోర్లా పడుకోబెట్టుకుని వీపు రుద్దుతోంది. కోడలు ఉదయలక్ష్మి పక్కన వంగి చెంబుతో నీళ్లు పోస్తోంది. నీళ్లు వేడిగానే ఉన్నాయి. ఆ వేడికి ఏ పసిబిడ్డయినా ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడుస్తుంది. వీడు మాత్రం చెంప అవ్వ మోకాలికి ఆనించి, కళ్లు సగం మూసుకుని ఊరుకున్నాడు.

"సూడు, ఎంత బుద్ధిమంతుడో," అంది పంకజాక్షి. "వాళ్ల నాయనకు నీళ్లు పోస్తావుంటే వీధిలో వాళ్లంతా వచ్చి తొంగిచూసేటోళ్లు."

ఉదయలక్ష్మి బిడ్డ చేతులు చూస్తోంది. రెండు పిడికిళ్లలోనూ బొటనవేళ్లు లోపలే ఉన్నాయి. వేడినీళ్లు పడినా విచ్చుకోలేదు. నిన్నా అంతే, మొన్నా అంతే. ఎదురింట్లో ఇదే నెలలో పుట్టిన బిడ్డ నీళ్లు పోస్తుంటే వేళ్లన్నీ విప్పి గాలిని పట్టుకోబోతుంది.

పంకజాక్షి బిడ్డను వెల్లకిలా తిప్పి, తుడిచి, మాడు మీద ఆముదం పోసి అరచేత్తో అద్దింది. ఆ మెత్తటి చోట చర్మం నూనె కింద మెల్లగా పైకీ కిందికీ కదులుతోంది. అది చూసినప్పుడల్లా ఉదయలక్ష్మికి ఊపిరి నిలవదు. ఆ కదలిక కింద ఏం జరుగుతోందో ఈ రోజు తెలియాలి.

బిడ్డ పుట్టగానే ఏడవలేదన్నది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. తమ ఊరు నగరిలోనే నర్సింగ్ హోములో కడుపు కోసి తీసినప్పుడు వాడు నీలంగా ఉన్నాడు. ఉదయలక్ష్మి కుట్లతో మంచం మీదే ఉండిపోయింది. భర్త ధనశేఖర్ ఒక్కడే అంబులెన్సులో బిడ్డతో తిరుపతికి పోయాడు. అక్కడి ఆసుపత్రిలో డాక్టరు కృపారాణి బిడ్డ మాడు మీద చిన్న యంత్రం ఆనించి, తల లోపల రక్తం ఎట్లా పారుతోందో చూసిందట. ధనశేఖర్ తిరిగొచ్చి అందరికీ ఒకటే మాట చెప్పాడు. తలకు రక్తం బాగా పోతాండాదంట, ఉండాల్సిన దానికంటే ఎక్కువే పోతాండాదంట అని. పంకజాక్షి పెరటి షెడ్డులో తమ మరమగ్గాలు ఆడించే పనివాళ్లకూ, ఇరుగుపొరుగుకూ మైసూరుపాకు పంచింది.

అక్కడితో అయిపోయిందనుకున్నారు. పోయిన వారం ఉదయలక్ష్మి ఫోనుకు ఆసుపత్రి నుంచి ఎవరో అమ్మాయి చేసి, రెండో స్కానుకు బిడ్డను ఎందుకు తీసుకురాలేదని అడిగింది. రెండో స్కాను ఒకటి ఉందని ఉదయలక్ష్మికి అప్పుడే తెలిసింది.

అప్పటి నుంచి ఆమెకు అన్నం రుచించలేదు. భర్తను అడిగితే, అది ఊరికే చూసేదంట, చెన్నై లుంగీల ఆర్డరు అయిపోనీ, పోదాం అన్నాడు. అత్తను అడిగితే, పేరు పెట్టకుండా బిడ్డను గడప దాటించకూడదంది. తాను తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు కూడా అత్తింట్లోనే పోశారు. ఇంకెవర్ని అడగాలో ఆమెకు తోచలేదు. చివరికి మామ వరదయ్య సద్ది తింటూ, "నేను పిల్చుకుపోతాలే," అన్నాడు. ఆ ఇంట్లో ఆయన మాట తర్వాత ఇంకో మాట ఉండదు. పంకజాక్షి చేతిలో గరిట కాసేపు కదలకుండా ఉండిపోయింది.

బస్సులో పుత్తూరు దాకా వరదయ్యే బిడ్డను ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీ గాలి తగలకుండా తువ్వాలు అడ్డం పట్టాడు. పక్క సీటు మనిషి అడక్కపోయినా తన మనవడి గొప్ప చెప్పాడు. వాళ్లింట్లో పురుడు వెళ్లగానే ఉయ్యాలను మరమగ్గాల షెడ్డులో కట్టి, మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడిస్తారు. ఏ బిడ్డయినా అదిరిపడి గుక్కపెడుతుంది. పెద్దవాళ్లు నవ్వి చక్కెర పంచుతారు. వీడు రెప్ప కూడా ఆడించలేదు. పుట్టడమే మగ్గం మోత నేర్చుకుని పుట్టినాడని వరదయ్య చెబుతుంటే పక్క సీటు మనిషి బిడ్డ తల నిమిరాడు.

ఆసుపత్రిలో స్కాను గది చల్లగా, సగం చీకటిగా ఉంది. కృపారాణి నడివయసు మనిషి. జుట్టు ముడి వేసుకుని, కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుంది. బిడ్డ మాడు చూసి దూది తీసుకుని ఆముదం తుడిచింది.

"తిరుపతి చుట్టుపక్కల ఆముదమంతా నా దగ్గరికే వస్తాదమ్మా," అంది నవ్వుతూ.

జిగురు మందును ముందు తన అరచేతిలో వేసుకుని వెచ్చబరిచి, ఆ తర్వాత మాడు మీద రాసింది. యంత్రాన్ని అదమకుండా, ఈక ఆనించినట్టు ఆనించింది. అదిమితే లోపల రక్తం పారే తీరే మారిపోయి లెక్క తప్పుతుందని చెప్పింది. తెర మీద బూడిదరంగు మడతలు కనిపించాయి. వాటి నడుమ ఎర్రగా ఒక గీత వెలిగి ఆరుతోంది. గదిలోకి ఒక చప్పుడు వచ్చింది. ఎక్కడో దూరంగా ఎవరో చేటతో బియ్యం చెరుగుతున్నట్టుంది. అది తన బిడ్డ తలలో రక్తం పారే చప్పుడని తెలిసినప్పుడు ఉదయలక్ష్మి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెర కింద అలలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. డాక్టరు వేలితో చూపించింది. గుండె కొట్టుకున్నప్పుడు అల లేస్తుంది. మళ్లీ కొట్టుకునే లోపల అది దిగాలి. దిగుతోంది చూడు అంది.

"దిగితే మంచిదా మేడం?"

"దిగాలి. మొదటిసారి చూసినప్పుడు దిగలా. అదే కదా మా భయం."

ఉదయలక్ష్మికి అర్థం కాలేదు. తలకు రక్తం బాగా, ఎక్కువగా పోతోందని చెప్పారు కదా అని మెల్లగా అడిగింది. డాక్టరు చెయ్యి ఆగింది. కళ్లద్దాలు కిందికి దించుకుని ఆమె వైపు తిరిగింది.

"ఎక్కువ పోయింది నిజమే. బిడ్డకు ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలితే లోపలి రక్తనాళాలు బిగువు వదిలేస్తాయమ్మా. కొళాయి మర పాడైతే నీళ్లు కారిపోతూనే ఉంటాయి చూడు, అట్లా. అది మంచి గుర్తు కాదు. మీ ఆయన్ని ఇదే కుర్చీలో కూర్చోబెట్టి చెప్పినాను. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పినాను. ఆయనకు బాగా అర్థమయింది."

తలుపు దగ్గర నిలబడిన వరదయ్య ఒక అడుగు లోపలికి వేశాడు.

డాక్టరు బిడ్డ పిడికిలి తీసుకుని బొటనవేలు బయటికి తీసింది. వదలగానే అది మళ్లీ లోపలికి పోయింది. శబ్దానికి ఉలిక్కిపడతాడా అని అడిగింది. ఉదయలక్ష్మి నోరు తెరిచే లోపల వరదయ్యే జవాబు చెప్పాడు.

"మా మగ్గాల మోతకే కదలడమ్మా. మా ఇంటి బిడ్డ. అలవాటు అయిపోయినాది."

ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతులో గర్వం ఇంకా పూర్తిగా పోలేదు. డాక్టరు ఆయన వైపు తిరిగింది.

"మొదటి రోజే అలవాటు కాదు పెద్దాయనా," అంది. "పసిబిడ్డ ఉలిక్కిపడాలి. ఉలిక్కిపడితేనే మాకు ధైర్యం."

ఆ తర్వాత ఆమె చెప్పినదంతా ఉదయలక్ష్మి మాట మాటా మనసులో పెట్టుకుంది. రక్తం పారే తీరు ఇప్పుడు సర్దుకుంది. అది మంచి సంగతే. కానీ అప్పటి దెబ్బ తాలూకు మచ్చలు తెర మీద అక్కడక్కడా నల్లగా కనిపిస్తున్నాయి. ఇంత లేత మెదడు వేరే దారులు వెతుక్కోగలదు. దానికి సాయం చేయాలి. వారం వారం రావాలి. చెవులు పరీక్షించాలి. చేతులూ కాళ్లూ ఎట్లా కదిలించాలో తల్లికి నేర్పిస్తారు. ఈ మొదటి నెలలు పోగొట్టుకుంటే మళ్లీ దొరకవు.

"నడుస్తాడా మేడం?"

"చెప్పలేను. చెప్పగలమనే వాళ్లను నమ్మొద్దు. నువ్వు మటుకు రావడం మానొద్దు."

తిరుగు బస్సులో వరదయ్య బిడ్డను అడగలేదు. వెనక సీటు ఖాళీగా ఉంటే పోయి అక్కడ కూర్చున్నాడు. ఉదయలక్ష్మి తిరిగి చూసినప్పుడల్లా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కనిపించాడు. పుత్తూరులో బస్సు ఆగితే దిగి టీ తాగాడు గానీ, పొద్దున లాగా ఆమెకు ఏమైనా కావాలా అని అడగలేదు. ఆమె బిడ్డ బొటనవేలు బయటికి తీసి తన వేలితో పట్టుకుని కూర్చుంది. వదిలితే లోపలికి పోతుందని నగరి వచ్చేదాకా వదల్లేదు.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా గోడల మీదే ఉంది. వరదయ్య అరుగు మీద కూలబడ్డాడు. ఉదయలక్ష్మి బిడ్డను నడవలోని ఉయ్యాలలో వేసి, చెప్పులతోనే పెరటి షెడ్డులోకి నడిచింది.

మగ్గాలన్నీ ఆడుతున్నాయి. ధనశేఖర్ ఒక మగ్గం మీద వంగి తెగిన పడుగు పోగు ముడి వేస్తున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి ఏదో అడిగింది. అతను చెవి చూపించి, వినపడదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఎప్పుడూ అంతే. ఆ మోతలో పెదవులు చూసి మాట పట్టుకోవడం ఆ ఇంట్లో అందరికీ వచ్చు. ఇప్పుడు అతను ఆమె పెదవుల వైపు చూడలేదు.

ఉదయలక్ష్మి గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్చి కిందికి లాగింది.

మగ్గాలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. పనివాళ్లిద్దరూ కరెంటు పోయిందేమోనని పైకి చూసి, ఆమె చెయ్యి ఎక్కడుందో చూసి, భుజాన తువ్వాలు వేసుకుని టీకి పోయారు. ఆ ఇంట్లో పగటిపూట అంత నిశ్శబ్దం ఉదయలక్ష్మి పెళ్లయి వచ్చాక, కరెంటు పోయినప్పుడు తప్ప, ఎప్పుడూ వినలేదు.

"నీకు తెలుసా?" అంది.

ధనశేఖర్ ముడి వేయడం ఆపలేదు. "ఏంది?"

"డాక్టరమ్మ చెప్పినాది."

అతని వేళ్ల మధ్య పోగు మళ్లీ తెగింది. దాన్ని వదిలేశాడు.

"తెలుసు," అన్నాడు.

ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. ఆ రోజు నువ్వు కుట్లతో లేవలేక ఉండావు, ఏమని చెప్పేది అన్నాడు. ఆ తర్వాతయినా చెప్పుండొచ్చు కదా అంది. అతను మగ్గం చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోయాడు. వాళ్లిద్దరి మధ్యా నీలం గళ్ల గుడ్డ బిగువుగా పరుచుకుని ఉంది.

"నేను అబద్ధం చెప్పలేదు ఉదయా. రక్తం ఎక్కువ పోతాండాదని ఆమే చెప్పినాది. అదే చెప్పినాను. అది మంచిదని నేను యాడా అనలా."

"మంచిది కాదని కూడా అనలా."

"మైసూరుపాకు నేను తెమ్మనలా," అన్నాడు అతను, చిన్నపిల్లవాడిలా.

ఆమెకు ఏడుపు రాలేదు. ఒక చోట నిలబడలేకపోతోంది. రెండు మగ్గాల సందులో అటూ ఇటూ నడిచింది. ఆసుపత్రి వాళ్లు ఎదురుచూసిన రోజులన్నీ ఆమె మనసులో తిరుగుతున్నాయి. ఆ రోజుల్లో తాను బిడ్డకు కాటుక పెట్టింది, దిష్టి తీసింది, ఇంత నెమ్మదైన బిడ్డ ఎవరికీ లేడని అందరితో పాటు తానూ మురిసింది.

"ఎవురు చెప్పొద్దన్నారు నీకు?"

ధనశేఖర్ తల ఎత్తి ఆమె వెనక్కి చూశాడు. ఉదయలక్ష్మి తిరిగింది.

షెడ్డు గుమ్మంలో పంకజాక్షి నిలబడి ఉంది. బియ్యం కడుగుతూ వచ్చినట్టుంది, చేతుల నుంచి తెల్లటి కడుగు కారుతోంది. ఆమె అడిగిన మొదటి మాట మగ్గాలు ఎందుకు నిలిపినావని. ఆ అడగడంలో కోపం లేదు. భయం ఉంది. ముందు వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు బాగా తగ్గించింది.

"నేనే చెప్పొద్దన్నా," అంది. "వాణ్ణి ఏమీ అనాకు."

ఎందుకత్తా అంది ఉదయలక్ష్మి. పంకజాక్షి చేతులు చీరకు తుడుచుకుని, నూలు కండెల గంప పక్కన కింద కూర్చుంది.

ధనశేఖర్‌కు ముందు ఒక ఆడబిడ్డ పుట్టిందని ఆమె చెప్పింది. అప్పటికి ఇంట్లో మరమగ్గాలు లేవు, చేత్తో నేసే గుంట మగ్గాలే. ఆ బిడ్డ కూడా పుట్టగానే ఏడవలేదు. నీళ్లు పోస్తే కదిలేది కాదు. మెడ నిలవలేదు. బొటనవేళ్లు పిడికిట్లోంచి బయటికి వచ్చేవి కావు. అప్పుడు స్కాన్లు ఎవరికి తెలుసు. గ్రహణం రోజు తల్లి కడుపుతో బయటికి వచ్చిందన్నారు, తల్లి రక్తంలోనే ఏదో ఉందన్నారు.

ధనశేఖర్ మగ్గం పట్టుకుని నిలబడిపోయాడు. తనకు అక్క ఉండేదన్న సంగతి అతనికి ఇప్పటి వరకూ తెలియదని అతని ముఖం చూస్తే తెలుస్తోంది.

"వీడి పిడికిలి మొదటి రోజే సూసినా పాపా," అంది పంకజాక్షి కోడలితో. "సూసి, గమ్మునుండినా. అందరికీ మంచి బిడ్డ, బుద్ధిమంతుడని నేనే చెప్పుకుంటా వచ్చినా. మీ మామ నమ్మాలని."

"మామ నమ్మకపోతే?"

పంకజాక్షి గంపలో ఒక కండె తీసి దాని నూలు కొస వెతికింది. కొస దొరికాక మళ్లీ గంపలోనే వేసింది.

"నన్ను ఏమీ అనలా ఆయన. కొట్టలా, తిట్టలా. ఒగనాడు సాయంత్రం సొక్కా ఏసుకొని మా ఊరికి పోయినాడు. తెల్లారి మా నాయన్ను పిల్చుకొచ్చినాడు. నన్నూ బిడ్డనూ మా నాయన ఎంబడి పంపించినారు. ఆ బిడ్డ మా ఊర్లోనే పోయింది. అది పోయినాకనే నన్ను మళ్లా ఈ ఇంటికి పిల్చుకున్నారు."

ఉదయలక్ష్మి కళ్ల ముందు తన ఊరు కనిపించింది. పలమనేరు దాటి, అడవి అంచున, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఏనుగులు దిగితే అదీ రాదు. నాయన నాగరాజు ఒక్కడే మల్బరీ తోట చూసుకుంటూ పట్టుపురుగులతో కాపురం చేస్తున్నాడు. అక్కడి నుంచి తిరుపతికి పోయి రావాలంటే పగలు చాలదు. వారం వారం రా అన్న డాక్టరు మాట ఆమె చెవుల్లో ఇంకా తిరుగుతోంది. ఈ నెలలు పోగొట్టుకుంటే మళ్లీ దొరకవంది.

"నేను పోను," అంది ఉదయలక్ష్మి. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. "నేను యాడికీ పోను. నా బిడ్డ తిరుపతికి పోవాల."

"గట్టిగా మాట్లాడాకు," అంది పంకజాక్షి.

అప్పుడు ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. మగ్గాలు ఆగి ఉన్నాయి. అరుగు మీద కూర్చున్న మనిషికి నడవ మీదుగా ప్రతి మాటా వినబడుతుంది. రోజూ ఆ మోత చాటున ఎన్ని మాటలు మాట్లాడుకున్నా ముందు వాకిలి దాకా పోవు. ఈ రోజు ఆ మోత లేదు.

ధనశేఖర్ చెయ్యి మెయిన్ వైపు పోయి, మధ్యలోనే ఆగింది. ఇక వేసినా లాభం లేదు.

వాళ్లు నడవలోకి వచ్చేసరికి వరదయ్య అరుగు మీది నుంచి లోపలికి వచ్చి ఉన్నాడు. ఎండలో తిరిగొచ్చి విడిచిన చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. దాన్ని తీసి దులిపాడు. ఒక చెయ్యి తొడుక్కున్నాడు, ఇంకో చెయ్యి తొడుక్కున్నాడు. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. ముఖంలో ఉన్నది కోపమో మరేమిటో ఉదయలక్ష్మికి తెలియలేదు. పంకజాక్షి గోడకు ఆనుకుని, ఆ బొత్తాలనే చూస్తోంది.

"మామా," అంది ఉదయలక్ష్మి.

"నాయనా, యాడికి?" అన్నాడు ధనశేఖర్. తండ్రికి అడ్డం పోయి నిలబడాలని ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడలేదు.

వరదయ్య ఉయ్యాల దగ్గర ఆగాడు. బిడ్డ మెలకువగానే ఉన్నాడు. కళ్లు తెరిచి పైకప్పు వైపు చూస్తున్నాడు. వరదయ్య వంగి, వాడి పిడికిలి తీసుకుని, పొద్దున డాక్టరు చేసినట్టే బొటనవేలు బయటికి తీశాడు. వదిలాడు. అది మళ్లీ లోపలికి పోయింది. ఆయన నడుము నిటారుగా చేసుకుని వాకిలి దాకా నడిచాడు. చెప్పులు వేసుకుంటూ గుమ్మం పట్టుకున్నాడు.

బస్టాండులో తిరుపతి బస్సులూ, చిత్తూరు మీదుగా పలమనేరు పోయే బస్సులూ ఒకే చోట ఆగుతాయి; ఆయన పోయేది ఆసుపత్రికో, తన నాయన్ను పిలుచుకురావడానికో ఉదయలక్ష్మికి అంతుపట్టలేదు. ఉదయలక్ష్మి బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. వరదయ్య ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా, వెనక్కి చూడకుండా, వీధి దిగి బస్టాండు వైపు నడిచిపోయాడు.